నాలుగంగుళాల కన్ను వల: ఆరేళ్లు నీళ్లలో నానాక

ఈ వల కొని తెచ్చిన రోజు మా చిన్నాయన దాన్ని చేత్తో పట్టి చూసి, "ఏందిరా, బీరతీగకు పందిరేస్తవా?" అన్నాడు. అప్పటిదాకా మా దేవరకొండ వైపు చెరువులో అందరివీ రెండంగుళాల కన్ను, అంటే రంధ్రం, ఉన్న వలలే. జానెడు చేపపిల్ల కూడా తప్పించుకునేది కాదు.

ముందు కొనుగోలు సంగతి. కన్నును ముడి నుంచి ముడికి సాగదీసి కొలవాలి. నాలుగని అమ్మిన కట్టల్లో ఒకటి ఇంటికొచ్చి కొలిస్తే మూడున్నరే ఉంది. దుకాణంలో గంట సేపు కొట్లాడితేగానీ మార్చలేదు. టేపు జేబులో పెట్టుకుని వెళ్లండి.

ఇక రాబడి. 2016-17 నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. వానాకాలంలో చెరువులో వదిలినవాటిని మేం సంక్రాంతికే, అరకిలో ఉన్నప్పుడే లాగేసేవాళ్లం. మాకు కిలో డెబ్బైకి పోయేది. వంద చేపలకు మూడున్నర వేలు. ఇప్పుడు మా మత్స్యకారుల సొసైటీలో అందరం ఈ కన్నే వాడి, మృగశిర కార్తె దగ్గరపడేదాకా ఆగుతున్నాం. అప్పటికి బొచ్చె, రవ్వ కిలోంపావు తూగుతున్నాయి, ధర నూటపది. అవే వంద చేపలకు పదమూడు వేలు దాటింది. మధ్యలో కొన్ని చస్తాయి, కొన్ని కొంగల పాలు. అవి పోయినా మాకు మిగులే.

చేపల సంఖ్య పెరుగుతుందని చెప్పను, బరువు పెరుగుతుంది. బొచ్చె, రవ్వ నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీళ్లు కావాలి. మా చెరువులో నిజంగా సంతానం పెరిగింది కొర్రమీనుది. దాని ఒళ్లు సన్నం, ఈ కన్నులోంచి జారిపోతుంది. మొన్న వానల తర్వాత తూటికాడల పక్కన ఎర్రటి పిల్లలు గుంపుగా ఉడుకుతున్న అన్నంలా కదులుతుంటే, కింద తల్లో తండ్రో కాపలా కాస్తూ కనిపించింది. దాన్ని పట్టేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే. కానీ మార్కెట్లో అన్నిటికంటే ధర పలికేది కొర్రమీనే కాబట్టి, సొసైటీలో కొందరికి ఈ వలంటే ఇప్పటికీ మంటే.

నాగార్జున సాగర్ బ్యాక్ వాటర్‌లో మాత్రం నాకు దండగే అయింది. నేను వదిలిన పిల్లచేప పక్కవాడి చిన్నకన్ను వలలో పడుతుంది. అతన్ని అడిగితే, "నువ్వు వదులు అన్నా, నేను పడతా" అని నవ్వాడు. ఒక్కడు వాడితే లాభం లేని వస్తువిది. పైగా మునిగిన చెట్ల మోళ్లకు చిరుగుతుంది, నీటికుక్కలు చేప ఒళ్లు తినేసి తలకాయ వలకే వేలాడదీసి పోతాయి. వాటిని కొడితే కేసు. అందుకే తెల్లారకముందే వల ఎత్తేస్తున్నా.

దారం మన్నిక బాగానే ఉంది. వలను తేల్చే బెండ్లు, అంచు తాడు రెండుసార్లు మార్చాను. నీళ్లలో కంటే ఇంట్లో ఎలుకలు చేసిన నష్టమే ఎక్కువ, దూలానికి వేలాడదీయండి.

ఈసారి ఇదే కన్ను, దారం ఒక నంబరు లావుది తీసుకుంటున్నా. ఎలుకలు కొట్టిన ముక్క ఇప్పుడు మా పెరట్లో నిజంగానే బీరతీగకు పందిరైంది. చిన్నాయనే కట్టాడు.