చిన్న నవలకి సినాప్సిస్: అర పేజీయా, ఒక పేజీయా, మూడు పేజీలా?

బెంగళూరులో వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు రాత అన్నట్టు బతికే మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. నవల ఎలాగో పూర్తి చేస్తారు, పబ్లిషర్ సినాప్సిస్, అంటే ముగింపుతో సహా కథ సారాంశం, అడిగేసరికి టెన్షన్ మొదలవుతుంది. పాతిక వేల పదాల చిన్న నవలకి ఎంత రాయాలి? నా ఓటు ఒక పేజీకి, అంటే సుమారు 500 పదాలకి.

మూడు పేజీలవాళ్ళు చాప్టర్ల వారీగా రాసుకుంటూ పోతారు. 1,500 పదాలవుతుంది. ఆ లెక్కన లక్ష పదాల నవలకి ఆరు వేల పదాల సినాప్సిస్ రాయాలి, ఎవరు చదువుతారు చెప్పండి? శైలి ఎలా ఉందో చూసుకోవడానికి ఎడిటర్ దగ్గర శాంపిల్ చాప్టర్లు ఉంటాయి. సినాప్సిస్‌లో ఆయన చూసేది కథ నిలబడిందా, ముగింపు అతికిందా అనే.

అర పేజీతో ఇబ్బంది వేరు. అది తెలీకుండానే వెనక అట్ట మీది రాతలా తయారవుతుంది. ఉదాహరణకి మారతహళ్ళిలో మెస్ నడిపే నెల్లూరు ఆవిడ కథ అనుకోండి. అర పేజీలో "రోడ్డు వెడల్పులో మెస్ పోతోంది, ఇప్పుడామె ఏం చేస్తుంది?" అని ఊరించి వదిలేస్తారు. పాఠకుణ్ణి ఊరించొచ్చు గానీ ఎడిటర్‌ని ఊరిస్తే ఆయనకి చిరాకు. మూడు పేజీల్లోనేమో గోంగూర పచ్చడి దగ్గర్నుంచి బిల్డింగ్ ఓనర్ బావమరిది దాకా అందరూ దూరిపోతారు. ఒక పేజీలో అయితే ఇలా వస్తుంది: "నష్టపరిహారం ఓనర్‌కి పోతుంది, అద్దెకున్న ఆమెకి రూపాయి రాదు. నెలల తరబడి బాకీ పెట్టిన కుర్రాళ్ళే తలా కొంత వేసుకుని కొత్త చోటికి అడ్వాన్స్ కడతామంటారు. ఆమె వద్దని, గిన్నెలు అమ్మేసి ఊరికి వెళ్ళిపోతుంది." ఆమె ఎందుకు వద్దందో ఇంకో రెండు వాక్యాలు పడితే చాలు, కథ వెన్నెముక దొరికినట్టే.

తెలుగులో రాస్తే ఇంకో సంగతి. ఇంగ్లీషులో మూడు నాలుగు ముక్కలయ్యేది మనకి "వెళ్ళిపోవాలనుకుంది" అని ఒక్క మాటలో అయిపోతుంది కాబట్టి, 500 కంటే బాగా తక్కువ పదాలకే అదే కథ పడుతుంది. పదాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా పేజీ చూసుకోండి.

కథల సంపుటి అయితే ఈ లెక్క కుదరదు, కథకి రెండు మూడు వాక్యాలు చొప్పున రాయాలి. నాన్‌ఫిక్షన్‌కి చాప్టర్ల వారీగా రెండు పేజీలైనా తప్పులేదు. పబ్లిషరే ఇంత అని చెప్పి ఉంటే ఇక వాదనే లేదు, అంతే రాయండి. ఒక పేజీ అన్నారు కదా అని ఫాంట్ తొమ్మిదికి తగ్గించి, మార్జిన్లు మింగేసి రెండు పేజీల సరుకు ఇరికించడం మాత్రం వద్దు, ఎడిటర్లకి ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి.