విజువల్ స్టూడియో లైసెన్సులంటూ ఆఫీసుకు వచ్చే వ్యక్తితో జాగ్రత్త

అమీర్‌పేట, కూకట్‌పల్లి ప్రాంతాల్లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నడిపేవారిలో చాలామందికి ఇతను తెలిసే ఉంటాడు. ప్రోగ్రాములు రాయడానికి వాడే మైక్రోసాఫ్ట్ సాధనం విజువల్ స్టూడియోకు లైసెన్సులు అమ్ముతానంటూ వస్తాడు. మెడలో అధీకృత భాగస్వామి అన్న ట్యాగు, చేతిలో ల్యాప్‌టాప్, నోటి నిండా మర్యాద. ఫిర్యాదు ఇవ్వబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. నిన్న మా ఆఫీసులో నాలుగు కంప్యూటర్లలోనూ పని ఆగిపోయింది. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను.

మేం బియ్యం మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు చేస్తాం. పాత విండోస్ ప్రోగ్రామును ఫోనులోనూ నడిచేలా డాట్‌నెట్ మౌయిలోకి (ఒకే కోడుతో విండోస్‌కూ ఫోన్లకూ యాప్‌లు చేసే మైక్రోసాఫ్ట్ పద్ధతి) మార్చాలనుకున్నాం. ముందు విజువల్ స్టూడియో 30 రోజుల ట్రయల్ వేసుకుని, మా పాత కోడు అందులో ఏ మేరకు కుదురుతుందో చూశాకే కొనాలన్నది మా ఆలోచన. "ట్రయల్‌లో సగం సదుపాయాలు పనిచేయవండీ, అది చూసి మీరేం తేల్చుకుంటారు?" అన్నాడు. పచ్చి అబద్ధం. ట్రయల్‌లో అన్నీ పనిచేస్తాయి.

ఉచితంగా దొరికే కమ్యూనిటీ ఎడిషన్ సంగతి కూడా అడిగాం. "అది కాలేజీ పిల్లలకు. కంపెనీలో వాడితే నోటీసు వస్తుంది, లక్షల్లో జరిమానా కట్టాలి" అని మా కుర్రాళ్ల ముందే భయపెట్టాడు. నిజం ఇది: 250కి మించి కంప్యూటర్లు గానీ, ఏటా పది లక్షల డాలర్లకు మించిన ఆదాయం గానీ లేని సంస్థలో ఐదుగురి దాకా దాన్ని వ్యాపారానికే వాడుకోవచ్చు. మేం ఉన్నది నలుగురం. అంటే మాకు పైసా ఖర్చు లేకుండా హక్కుగా రావలసిన దాన్ని చూపించి బెదిరించి, ఇంకోటి అంటగట్టాడు. డబ్బు పోయిన బాధ కంటే నాకు ఇదే ఎక్కువగా మండుతోంది.

డబ్బు పెట్టి కొనే ఎడిషన్ ప్రొఫెషనల్ 2022 ఒక్క లైసెన్సుకు అప్పట్లో మైక్రోసాఫ్ట్ పెట్టిన ధర 499 డాలర్లు. ఇతను తొమ్మిది వేలకే ఇస్తానన్నాడు, పెద్దమొత్తంలో కొంటాం కాబట్టి గిట్టుబాటవుతుందన్నాడు. నలుగురికీ కలిపి 36,000 యూపీఐలో పంపాం. తానే వచ్చి కూర్చుని, కీ ఏదీ ఇవ్వకుండా, ఒక మెయిల్ ఐడీతో అన్నింటిలోనూ సైన్ ఇన్ చేసి వెళ్లాడు. "ఇది మా భాగస్వామి ఖాతా, దీన్ని కదపకండి" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం మిల్లు వారికి కొత్త వెర్షన్ పంపాల్సి ఉంది. లైసెన్సును సరిచూడలేకపోయామంటూ తెర మీద ఒక పెట్టె వచ్చి కూర్చుంది. మళ్లీ సైన్ ఇన్ చేస్తే తప్ప ముందుకు కదలదు. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. ఆ మెయిల్ చివర ఉన్న సంస్థ పేరు వెతికితే, అది అతనిదీ కాదు, మైక్రోసాఫ్ట్‌దీ కాదు, ఎవరో కన్సల్టెన్సీ వారిది. ఆ మెయిల్ ఐడీ మీద ఉన్నది వారి విజువల్ స్టూడియో చందా. అది ఒక్కో మనిషి పేరు మీద ఇచ్చేది, ఇంకొకరికి అమ్మడానికి వీల్లేదు. వారు ఆ పేరు తీసేసి ఉంటారు, మా పని అక్కడితో ఆగింది.

ఫోన్ చేశాను. ముందు ఎత్తలేదు. వేరే నంబరు నుంచి చేస్తే ఎత్తాడు. ఆ రోజు "సార్, సార్" అన్న మనిషి నిన్న అన్న మాటలు ఇవీ: "లైసెన్సు అమ్మానని నేనెప్పుడు చెప్పాను? బిల్లు తీసి చదువుకోండి. ఇన్‌స్టలేషన్ సేవ అని రాసి ఉంది. సేవ చేశాను, డబ్బు తీసుకున్నాను." బిల్లు తీసి చూస్తే నిజంగానే అలాగే ఉంది. ఆ మాట ఎలా రాయాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడన్నమాట. డబ్బు తిరిగి ఇవ్వమంటే, "నలుగురితో నడిచే కొట్టుకు ఇంత గొడవ ఎందుకండీ?" అని పెట్టేశాడు. స్పీకర్‌లో ఉంది, మా కుర్రాళ్లంతా విన్నారు. రాత్రింబవళ్లు పని చేసి ఆ కొట్టును నిలబెట్టింది వాళ్లే.

ఇంకొకటి. ఐఫోన్ యాప్ కోసం మ్యాక్‌లో నడిచే విజువల్ స్టూడియో కూడా తెచ్చిస్తానని, దానికి వేరే డబ్బు అవుతుందని చెప్పాడు. దాన్ని మైక్రోసాఫ్ట్ 2024 ఆగస్టు 31తోనే ఆపేసింది. మీతోనూ అదే అంటే నమ్మవద్దు.

రాత్రి కమ్యూనిటీ ఎడిషన్ దించుకుని మా ప్రాజెక్టు తెరిచాం. ఒక్క మార్పు కూడా చేయకుండానే బిల్డ్ అయింది.

ఎవరైనా ఇలా అమ్మజూపితే లైసెన్సు మీ సంస్థ పేరు మీద, మీ మెయిల్ మీద ఉందో లేదో డబ్బు ఇవ్వకముందే చూడండి. బిల్లులో ఉత్పత్తి పేరు, ఎడిషన్, ఎన్ని లైసెన్సులో రాయించుకోండి. డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇన్‌స్టలేషన్ సేవ అని రాసిన ఇలాంటి బిల్లు మీ దగ్గర ఉంటే పారేయకుండా నాకు చెప్పండి. ఇంకో ఇద్దరు కలిసినా ఫిర్యాదుకు బలం వస్తుంది.