మాల్దీవుల ప్రవాహాల్లో వారంపాటు డైవింగ్: పడవ గదికన్నా గైడ్ ముఖ్యం

మాల్దీవుల మధ్య భాగంలోని అటోల్స్ (వలయాకారపు పగడపు దిబ్బలు, వాటి మీది దీవులు) చుట్టూ వారంపాటు పడవ మీదే ఉంచి స్కూబా డైవింగ్ చేయించే సంస్థలు డజన్లకొద్దీ ఉన్నాయి. వాటి బ్రోచర్లలో కనిపించేది మాత్రం దాదాపు ఒకటే: ఏసీ గది, పై డెక్ మీద కుర్చీలు, జకూజీ, సూర్యాస్తమయం. ఈ ఫిబ్రవరిలో బెంగళూరు మిత్రులతో కలిసి అలాంటి పడవ ఒకటి ఎక్కి దక్షిణ మాలే, వావు, అరి అటోల్స్ చుట్టి వచ్చాను. దిబ్బల మధ్య ఏ సందులో, ఏ గంటకు, ఏ వైపు నుంచి మనిషిని నీళ్లలోకి దించాలో తెలిసిన గైడ్ నిర్ణయానికే ఇక్కడ అసలు ధర చెల్లిస్తున్నామన్నది నా అభిప్రాయం. ఈ సమీక్షలో మంచిచెడ్డలన్నీ ఆ కొలతతోనే చూశాను.

అక్కడి ప్రవాహం అంత వడిగా ఎందుకుంటుందో తెలియకపోతే ఈ యాత్రకు విలువ కట్టడం కష్టం. ఉత్తర దక్షిణాలుగా 800 కిలోమీటర్లకు పైగా సాగిన ఈ ద్వీపాల వరుస హిందూ మహాసముద్రానికి అడ్డంగా నిలబడి ఉంటుంది. ఈశాన్య రుతుపవన కాలంలో, అంటే ఇంచుమించు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, నీరు తూర్పు నుంచి పడమరకు కదులుతుంది. నైరుతి కాలంలో ఆ దిశ తిరగబడుతుంది. ఆటుపోట్ల ఎత్తు ఇక్కడ పెద్దగా ఉండదు. అయినా అటోల్ అంచులోని సన్నని సందుల గుండానే అంత నీరూ లోపలికి, బయటికి పోవలసి ఉంటుంది కాబట్టి, రుతుపవన ప్రవాహమూ ఆటుపోటూ ఒకే దిశలో కలిసిన వేళల్లో అక్కడ వడి విపరీతంగా పెరుగుతుంది. మన అనంతపురం వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, తుంగభద్ర ఎగువ కాలువ హెచ్చెల్సీకి నీళ్లు వదిలిన రోజుల్లో తూము దగ్గర కాలువ మనిషిని ఎలా గుంజుతుందో అలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ పట్టుకొని ఎక్కడానికి గట్టు ఉండదు. రెండు నాట్ల ప్రవాహమంటే గంటకు సుమారు 3.7 కిలోమీటర్లు. నేల మీద అది మామూలు నడక కన్నా తక్కువే, కానీ వీపున సిలిండర్ మోస్తున్న వాడు ఎంత కాళ్లాడించినా దానికి ఎదురీదలేడు. స్థానికులు కందు అని పిలిచే ఆ సందుల నోళ్ల దగ్గరే గ్రే రీఫ్ సొరచేపలూ ఈగిల్ రేలూ గుంపులుగా నిలుస్తాయి. ప్రవాహం తగ్గిన గంటల్లో అదే చోట చాలావరకు ఖాళీ నీళ్లే కనిపిస్తాయి.

మొదటి రోజు చెక్ డైవ్ విషయంలో పడవవాళ్లు ఏ మాత్రం మొహమాటపడలేదు. వందల డైవ్‌లు చేసినవారిని కూడా ప్రశాంతమైన లోతు తక్కువ చోట దించి, బరువులు సరిపోయాయా, మాస్క్‌లో నీళ్లు చేరితే తీసేయగలరా, ఉపరితలానికి గుర్తు బెలూన్ వదలడం వచ్చా అని ఒక్కొక్కరినీ పరీక్షించారు. ఆ గుర్తు బెలూన్‌ను, లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్‌ను ప్రతి ఒక్కరూ విడివిడిగా తెచ్చుకోవాలి. లేకపోతే అద్దెకు తీసుకోవాలి. ఇద్దరు కలిసి ఒకటి వాడుకుంటామంటే ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సరైనది. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు 30 మీటర్ల లోతును పరిమితిగా పెట్టారు, దాన్ని దాటిన వారిని తర్వాతి డైవ్‌కు ఆపేస్తామని ముందే చెప్పారు. సిలిండర్ నుంచి ఊపిరి అందించే రెగ్యులేటర్లు, అద్దెకిచ్చినవి, బాగున్నాయి, వెట్‌సూట్లు మాత్రం పాతబడి మోకాళ్ల దగ్గర చిరిగి ఉన్నాయి. నీరు 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది కనుక మొదట్లో ఇబ్బంది తెలియదు గానీ, రోజుకు మూడు డైవ్‌లు చేస్తుంటే నాలుగో పూటకల్లా చలి మొదలవుతుంది.

బ్రీఫింగ్‌ల నాణ్యత గురించి విడిగా చెప్పాలి. బోర్డు మీద దిబ్బ బొమ్మ గీసి చేపల పేర్లు చదివేయడం చాలాచోట్ల చూశాను. ఇక్కడి ప్రధాన గైడ్ మాల్దీవుల మనిషి. ప్రతి డైవ్‌కు ముందు తాను నీళ్లలోకి దూకి ప్రవాహం ఏ వైపు, ఎంత వడిగా ఉందో చూసి, తిరిగి చిన్న దోనీ ఎక్కి, ఆ తర్వాతే మాట్లాడేవాడు. లోపలికి వచ్చే ప్రవాహమైతే బయటి సముద్రపు స్వచ్ఛమైన నీరు వస్తుంది, చూపు దూరం ఆనుతుంది, ఒకవేళ పట్టు తప్పినా అటోల్ లోపలికే కొట్టుకుపోతాం. బయటికి పోయే ప్రవాహంలో అటోల్ లోపలి మడుగు, అంటే లాగూన్‌లోని మసక నీరు వస్తుంది, తప్పిపోయినవాడు నడిసముద్రం వైపు పోతాడు. ఈ తేడాను ఎవరికి ఎన్నిసార్లు చెప్పినా విసుగు లేకుండా వివరించాడు. వావు అటోల్ తూర్పు అంచున ఉన్న ఫొత్తెయో కందులో దిగే ముందు ఆయన చెప్పిన నియమాలు ఇవి: గాలి నింపి తేలడానికి తొడుక్కునే జాకెట్‌లో గాలి పూర్తిగా తీసేసి దోనీ నుంచి అందరూ ఒక్కసారే దూకాలి, పైన తేలుతూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూడకుండా వెంటనే తలకిందులుగా దిగాలి, సందు పెదవి దగ్గరకు చేరగానే ప్రాణం లేని రాతికి మాత్రమే కొక్కెం తగిలించాలి, సిలిండర్‌లో గాలి ఒత్తిడి 100 బార్లకు తగ్గగానే సైగ చేయాలి, దిబ్బ మీద నుంచి విడిపోతే వెతుక్కోకుండా గుర్తు బెలూన్ వదిలి పైకి రావాలి.

ఆ కొక్కెం గురించి తెలియనివారి కోసం: మొద్దు మొన ఉన్న ఇనుప కొక్కేనికి మీటరుకు పైగా తాడు, ఆ తాడు చివర జాకెట్ రింగుకు తగిలించే క్లిప్ ఉంటాయి. రాతికి అది పట్టుకున్న తర్వాత జాకెట్‌లోకి కొంచెం గాలి పంపితే మనిషి దిబ్బకు ఒక మీటరు పైన తేలుతూ, కాళ్లు కదపకుండా, ఊపిరి తగ్గించుకొని నిలబడగలడు. ఫొత్తెయోలో అలా వేలాడుతూ ఉన్నప్పుడు ఎదురుగా సొరచేపలు తోక కూడా పెద్దగా ఆడించకుండా ఆ వడిలోనే నిలిచి ఉన్నాయి. తల పక్కకు తిప్పితే మాస్క్ ఊడిపోతుందేమో అన్నంతగా నీరు చెంపలకు కొడుతోంది. ఆ తర్వాత కొక్కేలు విడిపించి ప్రవాహంతో పాటు సందులోకి జారిపోతే, దిబ్బ కింది గూళ్లలో పసుపుపచ్చ మెత్తటి పగడాలు వేలాడుతూ కనిపించాయి. ఖర్చుకు తగిన ఫలం దక్కిన డైవ్ ఇదే. దక్షిణ మాలేలోని కందూమా తిల, అరిలోని ఫిష్ హెడ్ అనే డైవ్ చోట్లు కూడా బాగున్నాయి కానీ, ఫొత్తెయో పక్కన అవి చిన్నబోయాయి.

నా దృష్టిలో ఈ సంస్థ చేసిన అతి మంచి పని ఒక డైవ్‌ను రద్దు చేయడం. గురైధూ దగ్గర గైడ్ రెండుసార్లు దూకి చూసి, ప్రవాహం బయటికి తిరిగిందనీ, గోడ వెంట కిందికి లాగుతోందనీ చెప్పి, అందరం పరికరాలన్నీ తగిలించుకొని కూర్చున్నాక దోనీని వెనక్కి తిప్పించాడు. లక్షన్నరకు పైగా కట్టి వచ్చినవాళ్లలో కొందరు గట్టిగానే గొణిగారు. కిందికి లాగే ప్రవాహంలో చిక్కినవాడు ఊపిరి పట్టు తప్పి, జాకెట్ నిండా గాలి నింపుకొని, ఆ లాగు వదలగానే అదుపులేకుండా పైకి దూసుకొచ్చే ప్రమాదం ఉంటుంది. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా నెమ్మదిగా పైకి రావాలన్న నియమం అక్కడ గాలికి పోతుంది, ఊపిరితిత్తులకు గాయమయ్యే అవకాశమూ ఉంటుంది. ఆ పూట బదులుగా చూపిన చోటు ఏమంత గొప్పది కాదు. అయినా ఆ నిర్ణయానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక లోపాలు. అనుభవం ప్రకారం జట్లు విభజిస్తామని బుకింగ్ సమయంలో రాతపూర్వకంగా చెప్పారు, కానీ ఆచరణలో గదుల వరుస ప్రకారం విభజించారు. ఫలితంగా మా జట్టులో ఈ మధ్యే సర్టిఫికెట్ పొందిన ఒక దంపతుల గాలి అరగంటకే అయిపోయేది, మిగతా వాళ్లకు సగం సిలిండర్ ఉండగానే అందరం పైకి రావలసి వచ్చేది. ఆ దంపతులను తప్పుపట్టలేం. వడిలో కాళ్లాడించే కొద్దీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఆయాసం వస్తుంది, ఆయాసంతో గాలి ఇంకా త్వరగా ఖర్చవుతుంది. మూడో రోజు గట్టిగా అడిగాక జట్లు మార్చారు. అడగకముందే చేయవలసిన పని అది.

వావులోని అలిమథా జెట్టీ దగ్గర చేసే రాత్రి డైవ్‌ను అందరూ మెచ్చుకుంటారు, నాకు నచ్చలేదు. నర్స్ సొరచేపలు పదుల సంఖ్యలో వచ్చి ఒంటికి రాసుకుంటూ తిరుగుతాయి, కానీ ఏళ్ల తరబడి మనుషులు వేసే తిండికి అలవాటుపడి వచ్చే జంతువులను చూడటం డైవింగ్ కన్నా సర్కస్‌కు దగ్గరగా అనిపించింది. దక్షిణ అరిలో తిమింగల సొరను చూపించే పూట కూడా అంతే. మాల్దీవులు ఆ చేపకు 1995లోనే చట్టరక్షణ ఇచ్చాయి, 2010లో అన్ని సొరచేపల వేటనూ నిషేధించాయి, 2009లో ఆ ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాయి, ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే ఒక్క చేప కనబడగానే అయిదారు దోనీల నుంచి మనుషులు దాని మీదికి దూకడం చూస్తే, ఆ రక్షణ అమలులో ఎంతవరకు నిలబడుతోందన్న సందేహం కలగక మానదు. మా గైడ్ రెండో విడత దిగనివ్వలేదు, అది బాగుంది.

పగడాల గురించి బ్రోచర్ ఫొటోలను నమ్మి వెళ్లేవారు కొంత నిరాశపడతారు. 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి ఇక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారి చనిపోయాయి. లోతు తక్కువ ఉన్న దిబ్బల తలలు చాలాచోట్ల ఇప్పటికీ బూడిదరంగు శిథిలాల్లాగే ఉన్నాయి. ప్రవాహం బాగా తగిలే సందుల అంచుల్లో, గూళ్లలో రంగు మిగిలి ఉంది. కాబట్టి పగడాల కోసం కాకుండా పెద్ద చేపల కోసం వెళ్లేవారికే ఈ మార్గం తగినది.

భోజనం గురించి క్లుప్తంగా. ట్యూనా, కొబ్బరి, మిరపకాయ కలిపి చపాతీతో పెట్టే మాస్ హుని అనే ఉదయపు ఫలహారం మన నోటికి ఇట్టే పడుతుంది. శాకాహారులకు పప్పు, అన్నం, ఉడికించిన కూరగాయలు దాటి పెద్దగా ఏమీ లేదు. పొడి, ఊరగాయ తీసుకెళ్లినవాళ్లే సుఖపడ్డారు. మద్యాన్ని దేశంలోకి తీసుకురానివ్వరు, పడవలో కొనాలంటే ధర చుక్కలనంటుంది.

బుకింగ్ ధరను మాత్రమే చూసి లెక్క వేసుకోకండి. పర్యాటకుల మీద 17 శాతం జీఎస్టీ, పడవల్లో ఉండేవారికి మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. ఇవి ధరలో కలిసి ఉన్నాయా లేదా అని ముందే రాతలో అడగాలి. మా బిల్లులో ఇంధన సర్‌చార్జ్ చివరి రోజు ప్రత్యక్షమైంది, దాని గురించి ముందు ఎక్కడా లేదు. నైట్రాక్స్‌కు, అంటే 32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలికి, అదనంగా తీసుకున్నారు, ఆ డబ్బు దండగ కాదు: రోజుకు మూడు డైవ్‌లు చేసేటప్పుడు ఒంట్లో నైట్రోజన్ తక్కువగా చేరుతుంది, 30 మీటర్ల పరిమితిలో అది సురక్షితంగా వాడుకోదగిన మిశ్రమం. మామూలు ప్రయాణ బీమా స్కూబా ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూడాలి; వర్తించకపోతే డైవర్ల బీమా విడిగా తీసుకోవాలి.

మన వైపు నుంచి వెళ్లేవారికి దారి సులువే. అనంతపురం నుంచి దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయానికి మూడు గంటల రోడ్డు, అక్కడి నుంచి మాలేకు సుమారు రెండు గంటల విమానం, భారతీయులకు పర్యాటక వీసా దిగగానే ఉచితంగా ఇస్తారు. కష్టమంతా అంతకు ముందు సంపాదించవలసిన అనుభవంలో ఉంది. 18 మీటర్లకు పరిమితమైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో నేరుగా ఇలాంటి సందులకు పోవద్దు. మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ద్వీపంలోనో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో అడ్వాన్స్‌డ్ కోర్సు పూర్తి చేసి, గుర్తు బెలూన్ వదలడం, నీళ్లలో కదలకుండా నిలబడటం చేతికి వచ్చాకే ఈ పడవ ఎక్కాలి. సంస్థను ఎంచుకునేటప్పుడు జకూజీ ఉందా అని కాకుండా, మీరు వెళ్లే నెలలో ఏ అటోల్‌కు ఏ వైపు సందుల్లో దింపుతారో, ఒక గైడ్‌కు ఎంతమంది డైవర్లో అడగండి. ఫిబ్రవరిలో తూర్పు సందులు అని వెంటనే చెప్పలేని వారికి అడ్వాన్స్ కట్టవద్దు. తిరుగు టికెట్ తీసుకునేటప్పుడు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా చూసుకోవాలి. అంటే చివరి రోజు నీళ్లలో దిగే పని ఉండదు, మాలే చేపల బజారు తిరిగి రావడానికి ఆ పూట చాలు.