పదకొండు మంది సంసారం, ఎదురెదురు రెండు ఫ్లాట్లు, ఒక కంటైనర్: మా ప్యాకర్స్ సర్వీసు ఎలా చేసిందంటే

ముందే చెప్పేస్తాను. సామాను కట్టిన మనుషులకు ఐదుకి ఐదు, వాళ్ల ఆఫీసుకు రెండు. రెండూ ఒకే కంపెనీ కాబట్టి మొత్తం మీద మూడున్నర ఇచ్చాను. విజయవాడ ఆటోనగర్‌లో ఉండే ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు పెట్టి గొడవ పెంచుకోవడం నాకిష్టం లేదు. పెద్ద కుటుంబంతో ఊరు మారబోతున్నవాళ్లు ఏ కంపెనీని పిలిచినా ఏమేం అడగాలో తెలియాలని రాస్తున్నాను.

విజయవాడ సత్యనారాయణపురంలో మా మావయ్యగారు కట్టిన ఇల్లు మాది. మావయ్యగారు, అత్తయ్యగారు, మావయ్యగారి అక్క, మేమిద్దరం, మా పిల్లలిద్దరు, మరిది, తోడికోడలు, వాళ్ల పిల్లలిద్దరు. అన్నదమ్ములిద్దరికీ హైదరాబాద్‌లోనే ఉద్యోగాలు. వారం వారం బస్సుల్లో తిరగడం ఇక కుదరదనుకుని, నిజాంపేటలో ఒకే అంతస్తులో ఎదురెదురుగా రెండు ఫ్లాట్లు అద్దెకు తీసుకున్నాం. ఒకటి మాకు, ఒకటి మరిది వాళ్లకు. పెద్దవాళ్లు ముగ్గురూ మా వైపు ఉండేట్టు, వంట మాత్రం ఒకే చోట ఉండేట్టు అనుకున్నాం.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఇన్నేళ్లూ ఒకే వంటిల్లు, ఒకే అటక. ఏ గిన్నె ఎవరిదో ఎవరూ లెక్క పెట్టుకోలేదు. మిక్సీ మా తోడికోడలు పుట్టింటివాళ్లు పెట్టింది, దాని జార్లు నేను మార్పించినవి. బొమ్మల కొలువు పెట్టె అత్తయ్యగారిది, దాని తాళం చెవి ఆడపడుచు దగ్గర. ఇలాంటి సామాను లారీలో వేసి తీసుకెళ్లడం ఒకెత్తు, దేన్ని ఏ గుమ్మం లోపలికి పంపాలో తేల్చుకోవడం ఒకెత్తు.

పైగా ఊరు మారేవాళ్లందరికీ ఒకే టైము కావాలి. ఆవకాయ పెట్టడం అవ్వాలి, జూన్ 12న బడులు తెరవకముందే చేరాలి, ఆషాఢం రాకూడదు. అందుకే జ్యేష్ఠ మాసంలో మంచిరోజు, ఆదివారం కలిసి వచ్చాయంటే రేట్లు బాగా పెరుగుతాయి. మేం గురువారం పెట్టుకున్నాం. అదే వారం ఆదివారానికి అడిగితే వేరే రేటు చెప్పారు.

మూడు కంపెనీలను కనుక్కున్నాం. ఇద్దరు వాట్సాప్‌లో వీడియో తీసి పంపమన్నారు. మూడో కంపెనీ మాత్రం మనిషిని ఇంటికి పంపింది. ఆ వచ్చిన సూపర్‌వైజర్ వల్లే పని వీళ్లకిచ్చాం. ఆయన హాల్లో కూర్చుని లెక్క రాసుకోలేదు. నిచ్చెన అడిగాడు. "అటక మీద ఏమున్నాయమ్మా?" అని తనే ఎక్కి చూశాడు. ఇత్తడి గుండిగలు, కాగులు, పెళ్లిళ్లకు అరువిచ్చే పెద్ద పళ్లేలు, పాత పరుపు చుట్టలు, మావయ్యగారి ఆఫీసు ఫైళ్లు, అన్నీ రాసుకున్నాడు. వీడియోలో అటక ఎవరు చూపిస్తారు? చూపించకపోతే ఎక్కించే రోజు "ఇవి లిస్టులో లేవు" అంటారు. అక్కడి నుంచి బేరం మళ్లీ మొదలవుతుంది.

పందిరి మంచం కొలిచాడు, పెరట్లో రోలు కదిపి చూశాడు, బీరువాలు ఎన్నో చూశాడు. 14 అడుగుల బండి సరిపోతుందని వీడియో చూసిన కంపెనీ చెప్పింది. ఈయన 19 అడుగుల కంటైనర్ కావాలన్నాడు. 46,000, జీఎస్టీ వేరే. మరో కంపెనీ 38,000 అంది గానీ, దాని కొటేషన్‌లో "బోర్డర్ ఖర్చులు" అని ఒక లైను ఉంది. ఎందుకని అడిగితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) అన్నారు. ఇంట్లో వాడిన సొంత సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదని జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. ఆ లైను చూశాక ఆ కంపెనీ మీద నమ్మకం పోయింది.

మా సూపర్‌వైజర్ ఇంకో మంచి పని ఏం చేశాడంటే, ఏవి ఎక్కించుకోరో ఆ రోజే చెప్పాడు. గ్యాస్ సిలిండర్లు, నూనె డబ్బాలు, నెయ్యి, పచ్చళ్లు, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడానికి దాచుకున్న క్యాన్లు ఏవీ వద్దన్నాడు. ఊరు మారేటప్పుడు సిలిండర్లు, రెగ్యులేటర్ మన ఏజెన్సీలోనే అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ ఓచర్ రాయించుకోవాలి. కొత్త ఊళ్లో ఆ ఓచర్ చూపించి, అక్కడి డిపాజిట్ కడితే కనెక్షన్ ఇస్తారు. స్టవ్ మాత్రం మనతోనే తెచ్చుకోవచ్చు. ఆఖరి రోజు చెబితే ఏజెన్సీ చుట్టూ తిరిగే టైము ఉండేది కాదు.

పచ్చళ్ల దగ్గర అత్తయ్యగారికి కోపం వచ్చింది. ఆవకాయ, మాగాయ కొత్తవి, వాసెన కట్టిన జాడీలు వరసగా ఉన్నాయి. "ఇవి వదిలేసి వెళ్లమంటావా నాయనా?" అంది. ఆయన ఓపిగ్గా చెప్పాడు: "పెద్దమ్మగారూ, కంటైనర్‌లో వేడికి నూనె పైకొస్తుంది, బండి ఒక్క గతుకులో పడితే మీ బట్టలన్నీ ఎర్రబడతాయి. పచ్చడి స్టీలు క్యాన్లలోకి తీసి కార్లో పెట్టుకోండి. జాడీలు ఖాళీగా ఇవ్వండి, నేను పువ్వుల్లా కడతాను." అత్తయ్యగారు ఒప్పుకుంది. జాడీలు ఒక్కటి కూడా బీటలు వారలేదు.

ఇక కట్టిన రోజు గురించి. పొద్దున్నే ఆరుగురు కుర్రాళ్లు, అట్టపెట్టెలు, బబుల్ షీటు చుట్టలు, ప్లాస్టిక్ ఫిల్మ్ దిగాయి. పిల్లలు నలుగురూ బబుల్ షీటు మీద పడ్డారు. మావయ్యగారు తన పడక్కుర్చీ ఆఖరున కట్టమని వాకిట్లో కూర్చున్నారు. ఆ గందరగోళంలో సూపర్‌వైజర్ నన్నూ నా తోడికోడలినీ పిలిచి రెండు రంగుల టేపు చూపించాడు. పసుపు మా ఫ్లాట్‌కు, నీలం వాళ్ల ఫ్లాట్‌కు. "పెట్టె మూసేముందు మీ ఇద్దరిలో ఒకరు రంగు చెప్పాలి, రంగు లేని పెట్టె బండి ఎక్కదు" అన్నాడు. టేపు మీద నంబరు, గది పేరు, లోపలున్న వస్తువు. అదే నంబరు లిస్టులో. మేం చెప్పలేకపోయినవి, అంటే మిక్సీ లాంటివి, మూడో కుప్పగా పెట్టించి, మధ్యాహ్నం భోజనాలప్పుడు అత్తయ్యగారి చేత తేల్పించాడు. ఇద్దరు కోడళ్ల మధ్య మాట రాకుండా ఆ పని చేయించడం తేలికేం కాదు. ఆయనకు ఐదు ఇచ్చింది ముఖ్యంగా అందుకే.

లిస్టులో ప్రతి వస్తువు పక్కన ఇప్పుడున్న స్థితి కూడా రాశారు. గీత, సొట్ట, చెక్క లేచింది, ఇలా. బీరువాకున్న పాత సొట్టలు చూపించి సంతకం తీసుకున్నారు. ఇది వాళ్ల రక్షణకే గానీ మనకూ పనికొస్తుంది. పాతవేవో తేలిపోతే కొత్తగా తగిలిన దెబ్బ కాదనడానికి ఉండదు.

బొమ్మల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మా కొలువు బొమ్మలు చాలావరకు కొండపల్లివి. తెల్ల పొణికి చెక్క తేలిక, రంగు సున్నితం. బబుల్ షీటు నేరుగా చుడితే ఎండలో రంగుకి అంటుకుని బుడగల అచ్చులు పడతాయి. కుర్రాళ్లలో ఒకడు కొండపల్లి పక్కనున్న ఇబ్రహీంపట్నం వైపు వాడు, చూడగానే "షీటు వద్దన్నా, పాత నూలు చీర ఇమ్మందాం" అన్నాడు. అత్తయ్యగారి పాత నేత చీరలు చింపి ఒక్కో బొమ్మనీ చుట్టి, ఆ పైన షీటు వేశారు. పందిరి మంచం విప్పి, కోళ్లకూ పట్టీలకూ నంబర్లు రాసి, బోల్టులు చిన్న కవర్లలో వేసి ఆ చెక్కకే కట్టారు. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కి కొన్నప్పుడు వచ్చే ట్రాన్సిట్ బోల్టులు దొరికితే ఇవ్వమని అడిగి మరీ బిగించారు. డ్రమ్ము ఊగి పాడవకుండా అన్నమాట. ఫ్రిజ్ ముందురోజే ఆపి, ఐసు కరిగించి ఉంచమన్నారు. దింపాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడే స్విచ్ వేయమన్నారు. ఏసీలు విప్పడానికి వచ్చిన మెకానిక్ గ్యాసు బయటి యూనిట్‌లోకి లాగి మూసి విప్పాడు. దానికి డబ్బు వేరే, అది కొటేషన్‌లోనే ఉంది.

సాయంత్రానికి కంటైనర్ కదిలింది. మేం రాత్రికే కార్లలో బయల్దేరి వెళ్లాం. తెల్లవారుజామున ముహూర్తం. దేవుడి పటాలు, పసుపు కుంకుమ, బియ్యం, ఉప్పు, దీపం కుందులు కార్లోనే. కొత్త గ్యాసు కనెక్షన్ ఇంకా రాలేదు కాబట్టి ఇండక్షన్ స్టవ్ మీద పాలు పొంగించాం. దాని మీద ఇత్తడి గిన్నె పనిచేయదు, స్టీలు గిన్నె గుర్తుగా పెట్టుకోండి.

ఆఫీసు పాడుచేసింది ఆ తర్వాత. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు సుమారు 275 కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదికల్లా బండి వస్తుందన్నారు. పదైనా రాలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే "డ్రైవర్ని కనుక్కుని చెబుతాం" తప్ప ఇంకో మాట లేదు. చివరికి డ్రైవరే నిజం చెప్పాడు: "వనస్థలిపురంలో ఒక లోడు దింపుతున్నామండి." మా కొటేషన్‌లో బండి మొత్తం మాకేనని రాసి ఉంది. మా ఇంటి దగ్గర తలుపు వేశాక, ఆటోనగర్‌లో మళ్లీ తెరిచి, మిగిలిన జాగాలో ఎవరిదో మోటార్ సైకిలూ కొన్ని పెట్టెలూ ఎక్కించారు. సూపర్‌వైజర్‌కి కూడా తెలియదట. ఆయన గొంతు వింటే నిజమేననిపించింది.

బండి వచ్చేసరికి నాలుగున్నర. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు దాటితే సామాను ఎక్కించనివ్వరు, లిఫ్టుకి అట్టలు కట్టాలి, అసోసియేషన్ దగ్గర ముందే పర్మిషన్ తీసుకోవాలి. సగం సామాను పైకి వచ్చింది, సగం మర్నాటికి కంటైనర్‌లోనే ఉండిపోయింది. డెబ్బై దాటినవాళ్లు ముగ్గురు చాపల మీద పడుకున్నారు. మావయ్యగారు మోకాళ్ల నొప్పితో రాత్రంతా లేస్తూనే ఉన్నారు. దీనికి ఎంత డబ్బు తగ్గించినా నేను క్షమించను. బాకీ సొమ్ములో ఆఖరి వాయిదా దింపాకే ఇస్తామని ముందే రాయించుకున్నాం కాబట్టి, అందులోంచి 3,000 తగ్గించి ఇచ్చాం. అలా ఆపుకోకపోతే అదీ రాదు.

దింపడానికి వచ్చింది హైదరాబాద్ మనుషులు, మా ఇంటి సంగతి ఒక్కటీ తెలియనివాళ్లు. అయినా పసుపు ఇటు, నీలం అటు, ఒక్క పెట్టె కూడా తప్పు గుమ్మం దాటలేదు. మా పెద్దవాడు లిస్టు పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడి నంబర్లు కొట్టేశాడు, అంతే. వాళ్లు "టీ ఖర్చులకు" అడిగారు, భోజనం పెట్టి కొంత ఇచ్చాం, పీడించలేదు.

పగిలింది ఒక్కటే, మా తోడికోడలి డ్రెస్సింగ్ టేబుల్ అద్దం. అది ఆఖరున, తలుపు పక్కన ఎక్కించినది. మోటార్ సైకిల్‌కి చోటు చేయడానికి కిందికి దింపి మళ్లీ పెట్టారు. మా నీలం టేపు మీద మామూలు గోధుమరంగు టేపు కొత్తగా వేసి ఉంది. ఫొటోలు తీసి, డెలివరీ కాగితం మీద "అద్దం పగిలి వచ్చింది" అని రాశాకే సంతకం పెట్టాం. ఇన్సూరెన్స్ సంగతి ఇక్కడ చెప్పాలి. చాలామంది "రిస్క్ కవర్" అని సొంత పేరుతో డబ్బు వసూలు చేస్తారు, దాని వెనక పాలసీ ఏదీ ఉండదు. మేం సామాను విలువ మీద ఒకటిన్నర శాతం కట్టి, ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన పాలసీ నంబరున్న కాగితం ఎక్కించకముందే తీసుకున్నాం. అద్దానికి 5,500 అయితే, క్లెయిములో 4,200 వచ్చింది. బండి తెరిచింది వాళ్లు కాబట్టి మిగతా 1,300 ప్యాకర్స్ ఆఫీసు ఇవ్వాలని నేను మెయిల్ పెట్టాను. ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను, ఆఫీసుకిచ్చిన రెండు కూడా అప్పుడు మారుస్తాను.