ఎన్ స్కేలు చిన్న టర్న్‌టేబుల్: ఆరేళ్ల వాడకం తరువాత

నా నమూనా రైలు లేఅవుట్‌లో ఆరేళ్లుగా చిన్న టర్న్‌టేబుల్ ఉంది, అంటే గుండ్రని గొయ్యిలో తిరుగుతూ ఇంజనును వెనక్కి మళ్లించే బ్రిడ్జి. దాని గురించి ఎవరు అడిగినా, దాని అడుగున కంటికి కనబడకుండా ఉండే రెండు ముక్కల ఇత్తడి వలయం గురించే ముందుగా చెబుతాను. టెండర్ ఇంజను (బొగ్గు, నీళ్ల బండి వెనక తగిలించిన ఆవిరి ఇంజను) బ్రిడ్జి మీదికి వచ్చి, అర్ధచుట్టు తిరిగి, అదనంగా ఏ స్విచ్చూ వేయనవసరం లేకుండా వచ్చిన దారినే ముందుకు చూస్తూ వెళ్లిపోయినప్పుడు మొదటి రోజు కలిగిన సంతోషం ఈనాటికీ తగ్గలేదు.

జర్మనీలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ అభిరుచి అంటుకుంది కనుక, విశాఖపట్నంలోని ఇంట్లో నేను నడిపేది అక్కడి శాఖా లైను నమూనాయే. ఎన్ స్కేలు కనుక నిష్పత్తి 1:160, పట్టాల మధ్య దూరం 9 మి.మీ. అక్కడి రైల్వేల ప్రామాణిక టర్న్‌టేబుళ్లు 20, 23, 26 మీటర్లవి. ఈ నిష్పత్తిలో అవి 125, 144, 163 మి.మీ. అవుతాయి. నేను ఎంచుకున్న ప్లాస్టిక్ కిట్టు బ్రిడ్జి సుమారు 150 మి.మీ. ఉంటుంది. కొనేముందు కొలవవలసినది ఇంజను మొత్తం పొడవు కాదు, మొదటి చక్రం నుంచి టెండరు చివరి చక్రం వరకు ఉన్న దూరం. అసలు రూపంలో 17 మీటర్లుండే జర్మన్ 24వ తరగతి ఇంజను నమూనా దీని మీద సునాయాసంగా నిలుస్తుంది. దాదాపు 24 మీటర్ల 01 తరగతి ఇంజను బ్రిడ్జి అంత పొడవూ ఆక్రమించినా, చక్రాలు మాత్రం లోపలే ఉంటాయి.

ఇక వలయం సంగతి. మామూలు డీసీ లైనులో, అంటే ఒక పట్టాకు పాజిటివ్, మరొక పట్టాకు నెగటివ్ ఇచ్చి నడిపే లైనులో, బ్రిడ్జిని సగం చుట్టు తిప్పితే దాని కుడి పట్టా ఎడమ వైపుకు వస్తుంది. పాజిటివ్‌కు నెగటివ్ ఎదురై, చక్రం అతుకు దాటగానే షార్టవుతుంది. ఈ కిట్టులో వలయం రెండు సగాలుగా చీలి ఉంటుంది. ఒక సగానికి పాజిటివ్, రెండవ సగానికి నెగటివ్ అందుతాయి. బ్రిడ్జి పట్టాలకు కలిపిన రెండు సన్నని రేకులు వలయం మీద ఒరుసుకుంటూ తిరుగుతూ, సగం చుట్టు పూర్తయ్యేసరికి తమ స్థానాలు మార్చుకుంటాయి. ఇందులో ఎలక్ట్రానిక్ భాగం ఒక్కటీ లేదు.

నాలుగో ఏట జూలైలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, ఇంజను బ్రిడ్జి మధ్యలో దీపం మిణుకుమిణుకుమంటూ ఆగిపోయింది. చక్రాలు తుడిచాను, పట్టాలు తుడిచాను, మరో ఇంజను పెట్టి చూశాను, ఫలితం లేదు. మల్టీమీటరు పెడితే తీగల దగ్గర 12 వోల్టులు నిలకడగా ఉన్నాయి, బ్రిడ్జి మీద మాత్రం ఒకసారి ఉంటాయి, ఒకసారి ఉండవు. బ్రిడ్జిని వేలితో కాస్త నొక్కితే ఇంజను కదిలేది, వదిలితే ఆగేది. లోపం రేకుల దగ్గరే ఉన్నదని అప్పుడు అర్థమైంది. అయితే కిట్టు కట్టిననాడు ఇరుసును జిగురుతో అతికించాను, గొయ్యి అంచు చుట్టూ కంకర పరిచి దానినీ అతికించాను. ఆ జిగురును బ్లేడుతో కొద్దికొద్దిగా కోసి బ్రిడ్జిని పైకి తీయడానికి రెండు ఆదివారాలు పట్టింది. లోపల ఇత్తడి అంతా నల్లగా చిలుము పట్టి ఉంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఊరిలో వంటింటి ఇత్తడి గిన్నెలకు ఏమవుతుందో వలయానికీ అదే అయింది. రేకులు ఒరిసి రాలిన నల్లని పొడి రెండు సగాల మధ్య సందులో పేరుకుంది. మెత్తని రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, రేకులను ఒత్తిడి పెరిగేలా కొంచెం వంచాను. ఇప్పుడు ఇరుసుకు జిగురు లేదు. ఏటా తొలకరికి ముందు బ్రిడ్జిని తీసి తుడుస్తున్నాను. అన్నిటికంటే ముందు అరుగుతుందని నేను భయపడిన ప్లాస్టిక్ ఇరుసు మాత్రం చెక్కుచెదరలేదు.

దీనికి ఏ సంరక్షణా అక్కరలేదని మొదటి ఏడాది మిత్రులతో చెప్పిన మాటను పొడి వాతావరణం ఉన్న ఊళ్లకే పరిమితం చేస్తున్నాను. సందుల మీదికి రేకులు వచ్చే దిశలో బ్రిడ్జికి విద్యుత్తు అందదు కనుక, ఆ దిశలో పట్టా వేయకూడదు. ఈ సంగతి గమనించకుండా గొయ్యిని అతికించినందువల్ల నా షెడ్డులో మూడవ లైను నిరుపయోగమైంది. పట్టాల గుండా ఒక్కో ఇంజనుకు విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే డీసీసీ పద్ధతి మీద కూడా వలయం తన పని తాను చేస్తుంది, కాని శబ్దపు డీకోడరున్న (ఆ ఆదేశాలు అందుకుని ఇంజను శబ్దాలు వినిపించే చిప్పున్న) ఇంజను సందు దాటేటప్పుడు ఒక క్షణం మూగబోయి మళ్లీ మొదటి నుంచి ఊపిరి తీసుకుంటుంది. అది వినడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేను లేఅవుట్ పక్కనే కూర్చుని, రోజుకు అరగంట, చేత్తో బ్రిడ్జిని తిప్పుతూ పట్టాలను కంటిచూపుతోనే సరిచూసుకుంటాను. నాకు ఈ కిట్టు సరిపోయింది. చేయి అందనంత దూరంలో షెడ్డు ఉన్నవారు, చిన్నపిల్లలు నడిపే లేఅవుట్ ఉన్నవారు, ప్రతి లైను దగ్గరా దానంతటదే ఆగే మోటారు రకానికి ఎక్కువ ధర పెట్టడమే మేలేమో. ఈ కిట్టే తీసుకునేవారు గొయ్యిని బల్లకు అతికించేముందు, బ్రిడ్జిని అన్ని లైన్ల వైపుకూ ఒక్కొక్కసారి తిప్పి, ప్రతిచోటా మల్టీమీటరు పెట్టి చూసుకోవాలి.