విలీనమా, కార్పొరేషనా? ఒక ఆర్టీసీ ఇంటి లెక్క

మా ఇంట్లో సంక్రాంతి ఎప్పుడూ వారం ఆలస్యం. పండగ స్పెషల్ బస్సులు తగ్గాక గానీ మా వాళ్లకు సెలవు దొరకదు. నా పుట్టిల్లు మధిర వైపు, అత్తగారిల్లు నందిగామ వైపు. మధ్యలో రాష్ట్రాల గీత పడింది గానీ, ప్రయాణం గంటన్నర కూడా ఉండదు. తమ్ముడు తెలంగాణలో కండక్టర్, మరిది ఆంధ్రాలో డ్రైవర్. నాన్న కూడా డ్రైవరే, 2017లో తెలంగాణ వైపు రిటైరయ్యాడు.

ఈసారి కూడా అరిసెల పళ్లెం ముందు అదే పంచాయితీ: ఆర్టీసీ వాళ్లు ప్రభుత్వంలో కలిసిపోవడం మేలా, కార్పొరేషన్ మనుషులుగా ఉండటం మేలా?

"మీకేం బావా, గవర్నమెంటోళ్లు. ఒకటో తారీకు వస్తే జీతం పడుద్ది," అన్నాడు తమ్ముడు.

"పడుద్దిలే. నువ్వు చేసినట్టు నన్నొక్క రోజు సమ్మె చెయ్యమను, చూద్దాం."

ఇద్దరి మాటా నిజమే. అందుకే వాళ్లు వెళ్లాక నేనే కూర్చుని లెక్క రాసుకున్నాను.

ముందు విలీనం అంటే ఏమిటో చూద్దాం. బస్సులు, డిపోలు ప్రభుత్వానివైపోతాయని చాలామంది అనుకుంటారు. అది కాదు, మనుషులు మాత్రమే మారతారు. ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి సుమారు 50 వేల మందిని ప్రజా రవాణా శాఖ ఉద్యోగులుగా తీసుకుంది. బస్సులు, స్థలాలు కార్పొరేషన్ పేరు మీదే ఉన్నాయి. తెలంగాణలో 2023 జులై 31న కేబినెట్ సరేనంది, ఆగస్టు 6న బిల్లు పాసైంది, సెప్టెంబరులో గవర్నర్ సంతకం కూడా అయింది. 43 వేల పైచిలుకు మంది ఆ రోజు స్వీట్లు పంచుకున్నారు. అమలు తేదీ మాత్రం రాలేదు. 2025 మేలో మళ్లీ సమ్మె చేస్తామన్నప్పుడు కూడా డిమాండ్ల జాబితాలో విలీనం ఉంది. చట్టం ఉండి అమలు లేకపోవడం మా తమ్ముడికి చట్టం లేకపోవడం కంటే ఎక్కువ మంట.

జీతం సంగతికొస్తే మరిదిదే పైచేయి. విలీనమైన మూడో నెలలోనే లాక్‌డౌన్ వచ్చి పడింది. ఆంధ్రాలో మే 21 దాకా బస్సు కదల్లేదు. కలెక్షన్ లేని కార్పొరేషన్‌కు జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఖజానా వెనకుండటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పైగా 2019 సమ్మె మొదలైనప్పుడు తమ్ముడికి సెప్టెంబరు జీతం కూడా పడలేదు. బతుకమ్మ పండక్కి మరదలు పిల్లలకు బట్టలు కొనకుండా పాలవాడి బాకీ కట్టింది. ఇది నా కళ్లతో చూశాను.

జీతం పెరగడంలో మాత్రం లెక్క అంత సూటిగా లేదు. 2015 మేలో రెండు వైపులా సమ్మె చేశారు, 43 శాతం ఫిట్‌మెంట్ (బేసిక్ జీతం మీద పెంపు) అడిగారు. ఎనిమిది రోజుల్లో ఆంధ్రా 43 ఇచ్చింది, తెలంగాణ ఒకటి కలిపి 44 ఇచ్చింది. అప్పుడు ఇద్దరూ కార్పొరేషన్ మనుషులే. విలీనం తర్వాత మరిది పీఆర్సీ (ప్రభుత్వోద్యోగుల వేతన సవరణ సంఘం) కిందకు వెళ్లాడు. 2022లో ఆంధ్రా ప్రభుత్వోద్యోగులకు వచ్చింది 23 శాతం, అంతకుముందు తీసుకుంటున్న 27 శాతం మధ్యంతర భృతి కంటే తక్కువ. మరిది కొత్త జీతం కూడా ఆ పీఆర్సీ కిందే ఖరారైంది. అలాగని తమ్ముడు గెలిచాడనీ కాదు. అతనికి 2017లో రావాల్సిన వేతన సవరణ 2024లో ప్రకటించారు, అదీ 21 శాతం. మధ్యలో 16 శాతం మధ్యంతర భృతితో నెట్టుకొచ్చాడు. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో అతని పెద్దకూతురు ఒకటో తరగతి నుంచి ఎనిమిదికి వచ్చింది.

సమ్మె దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను.

కార్పొరేషన్ ఉద్యోగి కార్మిక చట్టాల కిందకు వస్తాడు. నోటీసిచ్చి సమ్మె చెయ్యొచ్చు. అది చట్టబద్ధమా కాదా అన్నది తేల్చేది అప్పటికి లేబర్ కోర్టే. 2019లో హైకోర్టు కూడా అదే అంది. ప్రభుత్వోద్యోగికి ఆ వీలు లేదు, ప్రవర్తనా నియమావళే సమ్మెను కాదంటుంది. తమిళనాడులో 2003లో ఒక్క దెబ్బకు లక్షా డెబ్భై వేల మందిని తీసేసినప్పుడు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మరిది భయం ఊరికే వచ్చింది కాదు.

అయితే హక్కు ఉన్న తమ్ముడికి ఏం ఒరిగింది? 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది దిగారు. 26 డిమాండ్లు, అందులో మొదటిది విలీనం. సాయంత్రం ఆరుకల్లా డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. "సెల్ఫ్ డిస్మిస్" అనే మాట ఆ నెలంతా ప్రతి ఇంట్లో వినపడింది. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. ఆ వారం అమ్మ తమ్ముణ్ణి ఒంటరిగా పడుకోనివ్వలేదు. 5,100 రూట్లు ప్రైవేటుకిస్తామన్నారు. 52వ రోజున యూనియన్ల జేఏసీ బేషరతుగా సమ్మె విరమించింది. మర్నాడు డిపోకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఆఖరికి నవంబరు 29న లోపలికి రానిచ్చారు.

తర్వాత జరిగినదే తమాషా. డిసెంబరు 1న అదే ముఖ్యమంత్రి కార్మికులను పిలిచి భోజనం పెట్టి, సమ్మె కాలానికి జీతం ఇస్తామన్నారు, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెంచారు. యూనియన్ల స్థానంలో డిపోకో సంక్షేమ కమిటీ వచ్చింది. డబ్బొచ్చింది, అడిగే గొంతు పోయింది. అంటే కాగితం మీద హక్కు మిగిలిన తమ్ముడూ, హక్కు లేని మరిదీ 2020లో ఒకే రకంగా నోరు మూసుకుని బస్సెక్కారు. మహారాష్ట్రలో అక్కడి ప్రభుత్వ బస్సుల సంస్థ (ఎస్టీ) కార్మికులు విలీనం కోసమే 2021 చివర్లో మొదలుపెట్టి 2022 ఏప్రిల్ దాకా సమ్మె చేశారు, విలీనం లేకుండానే వెనక్కి వెళ్లారు. అందుకే సమ్మె హక్కు పోతుందన్న ఒక్క కారణంతో విలీనం వద్దంటే నేను ఒప్పుకోను. 2015 నాటి బలం ఆ హక్కు వల్ల వచ్చింది కాదు. ఎన్నికైన కొత్త ప్రభుత్వాలు రెండూ పక్క రాష్ట్రం కంటే తక్కువ కాకూడదని పోటీ పడ్డాయి, అంతే. ఆ రోజులు మళ్లీ రావు.

ఇక పింఛను. అసలు అందరూ విలీనం అడిగింది దీనికోసమే.

నాన్న బ్యాంకు మెసేజ్ చూపిస్తాను. ముప్పై మూడేళ్లు బస్సు నడిపిన మనిషికి ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు నడిచే పింఛను పథకం) కింద వచ్చేది నెలకు మూడు వేల చిల్లర. లెక్క ఎలాగంటే, జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. అసలు జీతం ఎంతున్నా, ఆ లెక్కకు 2014 ఆగస్టు దాకా 6,500, ఆ తర్వాత 15,000 దాటనివ్వరు. అందులోనూ 1995 నవంబరు నుంచి చేసిన సర్వీసుకే ఈ సూత్రం, అంతకుముందు దానికి ఏదో చిన్న మొత్తం కలుపుతారు. మొత్తం సర్వీసూ 15,000 మీదే లెక్కేసి, 35 ఏళ్లు పూర్తయి, రెండేళ్లు బోనస్ కలిపినా ఎనిమిది వేలు దాటదు. డీఏ లేదు, కాబట్టి ఏటా పెరగదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు అధిక పింఛనుకు దారి తెరిచింది గానీ, నాన్న గడువులోగా ఆ ఆప్షన్ పెట్టలేదు. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు నేనే తీసుకెళ్తాను. స్టీరింగ్ పట్టి అరిగిన వేలు మెషీన్‌కు ఆనదు. తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, మళ్లీ పెట్టాలి.

పాత పింఛను అయితే చివరి బేసిక్‌లో సగం, దాని మీద డీఏ. నాన్న మనసులో "గవర్నమెంటు ఉద్యోగం" అంటే ఇదే. కానీ విలీనంతో మరిదికి పాత పింఛను రాలేదు. 2004 సెప్టెంబరు నుంచి చేరిన మామూలు ప్రభుత్వోద్యోగులకే లేనిది, ఆర్టీసీ వాళ్లకు కొత్తగా ఎవరిస్తారు? అంటే అందరూ ఏ ఆశతో విలీనం అన్నారో ఆ ఒక్కటీ విలీనంలో లేదు.

వైద్యం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. తమ్ముడికి తార్నాక ఆర్టీసీ ఆసుపత్రి, అక్కడి నుంచి రెఫరల్ ఉన్నాయి. మరిదికి ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం, అంటే ఈహెచ్ఎస్ కార్డు వచ్చింది. పాత పద్ధతే నయమని అక్కడి యూనియన్లు అడుగుతూ వచ్చాయి. ఇందులో తమ్ముడిదే మేలు.

ఇవన్నీ తూచాక నా మొగ్గు విలీనం వైపే, అదీ తమ్ముడి వయసు వాళ్లకు. ఇంకా ఇరవై ఏళ్లు జీతం కోసం డిపో కలెక్షన్ వైపు చూస్తూ బతకడం కన్నా ఖజానా నయం. పీఆర్సీలో తక్కువొచ్చినా టీచర్లు, రెవెన్యూ వాళ్లు అందరూ కలిసి అడుగుతారు. రెండేళ్లలో రిటైరయ్యేవాళ్లకు మాత్రం విలీనం పేరు తప్ప పెద్దగా ఏమీ మారదు. వాళ్లు పీఎఫ్, గ్రాట్యుటీ, సీసీఎస్‌లో (ఆర్టీసీ ఉద్యోగుల పొదుపు సహకార సంఘం) దాచుకున్నది సమయానికి చేతికొచ్చేలా చూసుకోవడం ముఖ్యం.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"అయితే విలీనమే అంటావా అక్కా?"

"అంటాను. కానీ జీవో వచ్చిన రోజు స్వీట్లు పంచే ముందు పింఛను ఏ పేరాలో ఉందో వెతుకు. కనపడకపోతే నాకు ఫోన్ చెయ్యి."

"సరేలే, పడుకుంటా. తెల్లారుజామున ఐదింటికి సర్వీసుంది" అని పెట్టేశాడు.