రూట్ చేసిన ఫోన్‌తో నాలుగేళ్ళు: 80 దగ్గర ఆగే చార్జింగ్

ర్యామ్ ఎంత, కెమెరా ఎలా ఉంది అని నన్ను అడగకండి. 2021లో కొన్న ఫోన్ అది, ఇప్పుడు కొందామన్నా దొరకదు. కొన్న వారానికే బూట్‌లోడర్ (కంపెనీ వేసిన తాళం) తెరిచి రూట్ చేశాను, అంటే ఫోన్ మీద పూర్తి పెత్తనం తీసుకున్నాను, అదీ ఒక్క పని కోసం. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోవాలి.

ఇంతోటి దానికి రూట్ ఎందుకని మా బావమరిది నవ్వాడు. నాది విజయవాడ సింగ్ నగర్‌లో జిరాక్స్ షాపు. ఆధార్ కాపీలు, హాల్ టికెట్లు, పెళ్ళి పత్రికలు, జనం ఏదైనా వాట్సాప్‌లోనే పంపుతారు. కంప్యూటర్‌కి నెట్ కూడా నా ఫోన్ హాట్‌స్పాటే. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా అది చార్జర్‌కి వేలాడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం దాటితే పడమటి ఎండ సరాసరి కౌంటర్ మీదికే. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, ఇక బ్యాటరీ ఎంత? ఇంతకుముందు ఫోన్ రెండో ఎండాకాలం దాటలేదు. ఒకరోజు కౌంటర్ మీద పెట్టి వేలితో తాకితే బొంగరంలా గిర్రున తిరిగింది. తిప్పి చూస్తే వెనక మూత పూరీలా ఉబ్బి ఉంది. సర్వీస్ సెంటర్ కుర్రాడు "ఎప్పుడూ ఫుల్ చార్జింగ్‌లో పెడితే అంతే సార్" అన్నాడు. మరి మధ్యలో ఆపే ఏర్పాటు ఫోన్‌లో ఎక్కడుందయ్యా అంటే జవాబు లేదు.

ఏర్పాటు ఉంది, మన చేతికి అందదు, అంతే. చార్జింగ్‌ని ఆపే స్విచ్ చాలా ఫోన్ల కెర్నెల్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ అడుగు పొరలో ఉంటుంది. దాన్ని ముట్టుకోవాలంటే రూట్ కావాలి. సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ (తాళం తీయడానికి అనుమతి) ఆన్ చేసి, ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి ఫాస్ట్‌బూట్ మోడ్‌లో కమాండ్ కొట్టాను. ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది, అది తెలిసిందే. రూట్ చేసే మ్యాజిస్క్ యాప్‌తో బూట్ ఇమేజ్ (ఫోన్ మొదలయ్యేటప్పుడు నడిచే ఫైల్) ప్యాచ్ చేసి ఎక్కించి, చార్జింగ్‌ని అదుపు చేసే ఏసీసీ అనే మాడ్యూల్ పెట్టాను. 80కి ఆగాలి, 75కి దిగితే మళ్ళీ మొదలవ్వాలి. మొదటిరోజు ఆ అంకె 80 దగ్గర నిలబడిపోతే, పాలు పొంగబోతుండగా స్టవ్ కట్టేసినంత తృప్తి. నాలుగు ఎండాకాలాలు గడిచాయి, అదే బ్యాటరీ. వెనక మూత ఇప్పటికీ పలకలా ఉంది.

నా ఫోన్ తాళం సులువుగా వచ్చింది, అందరికీ రాదు. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్‌లు ఇవ్వడం మానేసింది. షావోమీ తాళం తీయడానికి 168 గంటలు ఆగమనేది, ఇప్పుడు దానికి ముందు ఇంకో అనుమతి కూడా పెట్టింది. శాంసంగ్ ఫోన్లలో భద్రత కోసం నాక్స్ ఫ్యూజ్ ఒకటి ఉంటుంది. బయటి ఇమేజ్ ఎక్కిస్తే అది కాలిపోతుంది. తిరిగి అసలు సాఫ్ట్‌వేర్ వేసుకున్నా ఫ్యూజ్ బాగుపడదు, ఫైళ్ళు తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. మొదట్లో ఇవన్నీ చదివి ఒళ్ళు మండేది. ఇప్పుడు అంత కోపం లేదు. ఊళ్ళో వాళ్ళ ఆధార్ కార్డులన్నీ నా ఫోన్‌లో ఉంటాయి కదా, తాళం తీసిన ఫోన్ ఎక్కడైనా పోతే అన్న టెన్షన్ నాకూ ఉంది.

బ్యాంకు యాప్ సంగతి క్లుప్తంగా చెప్తాను. రెండేళ్ళపాటు దాగుడుమూతలు ఆడాను, నేను రూట్‌ని దాచడం, అది పట్టుకోవడం. ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా మార్చారా అని యాప్‌లకు చెప్పే పాత సేఫ్టీనెట్‌ని గూగుల్ తీసేసి, దాని బదులు ప్లే ఇంటెగ్రిటీ తెచ్చాక నేను చేతులెత్తేశాను. కౌంటర్ మీద సౌండ్ బాక్స్ "పది రూపాయలు అందాయి" అంటుంది, ఖాతాలో ఎంతుందో చూసుకోవాలంటే మాత్రం మా ఆవిడ ఫోన్ అడగాలి.

ఇక బుడమేరు వాగు వరద. 2024 ఆగస్టు 31, శనివారం రాత్రి. ఒకటే వాన. పడుకునేటప్పుడు ఫోన్ చార్జింగ్‌లోనే ఉంది, కరెంటు పోయేసరికి సరిగ్గా 80. తెల్లారేసరికి షట్టర్ కింద నుంచి నీళ్ళు. జిరాక్స్ మిషన్ బల్ల మీదికి ఎత్తే హడావిడిలో మా ఆవిడ ఫోన్ నీళ్ళలో పడిపోయింది. పిల్లల్ని తీసుకుని ఓనర్ గారి డాబా ఎక్కాం. ఇంటిల్లిపాదికీ ఇక నా ఫోనే గతి. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. టవర్ కోసం వెతుక్కుంటూ ఫోన్ చార్జింగ్ తాగేస్తోంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూసేవాణ్ణి. (దానికి రూట్ అక్కర్లేదు, ఏ ఫోన్‌లోనైనా చేయొచ్చు.) ఆదివారం రాత్రికి 30 శాతం. సోమవారం పొద్దున 9 శాతం. గుంటూరు నుంచి వచ్చిన బావమరిది ఫ్లైఓవర్ దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. "బావా, పడవ దొరికింది. మీ సందులోకి గుడి పక్క నుంచి రావాలా, లేకపోతే..." అంతే, స్క్రీన్ నల్లగా అయిపోయింది.

తర్వాత మూడు గంటలు డాబా అంచున నిలబడి గరిటెతో పళ్ళెం కొట్టాం. చుట్టుపక్కల డాబాల మీద అందరూ అదే పని చేస్తుంటే మా చప్పుడు వాడికేం తెలుస్తుంది? మధ్యాహ్నం దాటాక ఎలాగో కనుక్కున్నాడు. పడవలో కూర్చున్నాక మా ఆవిడ ఒకటే మాట అంది: "ఏవండీ, ఆ ఇరవై కూడా ఉంటే పొద్దున్నే బయటపడేవాళ్ళం కదండీ." మూడేళ్ళు రోజూ వంద దాకా ఎక్కించి ఉంటే ఆ బ్యాటరీ ఆదివారమే చచ్చి ఉండేదని ఒక లెక్క నా దగ్గర ఉంది. అది అప్పుడు చెప్పే ధైర్యం చేయలేదు.

అప్‌డేట్ వేస్తే రూట్ మళ్ళీ చేసుకోవాలి, బూట్ ఇమేజ్ దాచిన కంప్యూటరేమో ఆ నీళ్ళలోనే పోయింది. మళ్ళీ దించుకోవచ్చు, ఓపిక లేదు. అప్పటి నుంచి అప్‌డేట్ వేయలేదు, పాత సెక్యూరిటీ ప్యాచ్‌తోనే నెట్టుకొస్తున్నాను.

మీరు చేయాలా అంటే, రోజంతా ఫోన్ చార్జర్‌కి తగిలించి ఉంచే పని అయితే, డబ్బుల లావాదేవీలకు ఇంకో ఫోన్ ఉంటే, సరదాగా చేసుకోవచ్చు. కానీ ఇప్పుడు కొత్తది కొనేవాళ్ళకి నా కారణం చెల్లదేమో. ఐఫోన్ 15 నుంచి 80 పరిమితి ఫోన్‌తోనే వస్తోంది, శాంసంగ్, పిక్సెల్ కూడా ఇచ్చాయి. నేను నాలుగేళ్ళు దొంగచాటుగా చేసిన పని ఇప్పుడు సెట్టింగ్స్‌లో ఒక బటన్. కొంచెం ఉడుకుమోత్తనంగానే ఉంది.

యూపీఐ కోసం ఈ మధ్య ఒక చవక ఫోన్ కొన్నాను, దాన్ని ముట్టుకోలేదు. పాతది ఇంకా కౌంటర్ మీదే ఉంది, హాట్‌స్పాట్ ఇస్తూ, 80 దగ్గర ఆగుతూ. వాన పడేలా మబ్బు పట్టిందంటే మాత్రం ఇంట్లోంచి కేక వస్తుంది, "వంద పెట్టారా?" అని. పెడతాను.